ఇంటర్నెట్ స్వేచ్ఛ – మూడు తరాల చూపు: ఒక గ్రామ సంఘకాపరి పరిశీలన

కాపరుల సహవాస కూడికల్లో ఇంటర్నెట్ ప్రస్తావన వచ్చినప్పుడు చర్చ సాధారణంగా ఒకే ప్రశ్నతో మొదలవుతుంది: మన యౌవనస్థులను ఫోను నుండి ఎలా కాపాడుకోవాలి? నేనూ ఎన్నో ఏళ్ళు ఆ ప్రశ్ననే అడిగాను. దాని మీద ఉపవాస కూటాల్లో ప్రసంగాలు చేశాను. ఇతర సంఘాలవారు పిలిస్తే వెళ్ళి అవే ప్రసంగాలు మళ్ళీ చేశాను. వాటిలో చెప్పినదంతా తప్పని ఇప్పుడు అనను. కాని శ్రీకూర్మంలోను, గార మండలంలోని చుట్టుప్రక్కల పల్లెల్లోను ఉన్న మా చిన్న సంఘం మధ్య పరిచర్య చేస్తుండగా, ఆ ప్రశ్నను అడిగే అర్హత మా పెద్దలకు ఎంతవరకు ఉన్నదనే సందేహం నాకు కలిగింది. ఆ సందేహం ఎలా కలిగిందో, వాక్యపు వెలుగులో దానిని ఎలా అర్థం చేసుకున్నానో సహకాపరుల ముందు, వేదాంత విద్యార్థుల ముందు ఉంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

"ఇంటర్నెట్ స్వేచ్ఛ" అనే మాటను మూడు తరాలవారు మూడు అర్థాల్లో వాడుతున్నారని ముందుగా గమనించాలి. మా తల్లిదండ్రుల తరానికి అది ఇంతకాలం మూసి ఉన్న తలుపు తెరుచుకోవడం. మా తరానికి అది అడ్డు లేకుండా చదివే, మాట్లాడే హక్కు. మా పిల్లల తరానికి అది ఎవరూ తొంగి చూడకుండా ఉండగలగడం. మాట ఒకటే గనుక అందరం ఒకే విషయం మాట్లాడుకుంటున్నామని అనుకుంటాం. సంఘంలో తగవులు చాలావరకు అక్కడే పుడుతున్నాయి.

అచ్చు మీద నమ్మకం

మా సంఘంలో డెబ్బై ఏళ్ళు దాటినవారికి ఇంటర్నెట్ అనే పేరుతో పని లేదు. వారికి తెలిసినవి వాట్సాప్, యూట్యూబ్, వీడియో కాల్. 2016 సెప్టెంబరు 5న జియో సేవలు మొదలై డేటా ధర ఒక్కసారిగా పడిపోయిన తరువాతనే అవి వారి ఇళ్ళలోనికి వచ్చాయి. అయినా మొదట్లో పెద్దలు వాటిని పిల్లల వస్తువులుగానే చూశారు. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఏప్రిల్ 10న శుభ శుక్రవారం, 12న ఈస్టరు. రెండూ మందిరం తలుపులు మూసి ఉండగానే గడిచాయి. అంతవరకు ఫోను పట్టుకున్న మనుమలను తిట్టిన పెద్దలే ఆ వారం వారిని పిలిచి, "కాస్త ఆ ఫోను నాకేసి తిప్పు బాబూ, అయ్యగారి మాట ఇనాలి" అని అడిగారు.

సముద్రతీర పల్లెల సంగతి ఇంకా ముందునుండే వేరు. ఈ తీరంలోని మత్స్యకారులు నెలల తరబడి గుజరాత్‌లోని వీరావల్‌కు వేటకు వెళ్తారు. 2018 నవంబరులో అలా వెళ్ళిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ అధికారులు పట్టుకొని కరాచీ జైల్లో ఉంచారు. వారు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఇటువంటి ఊళ్ళలో భర్త ముఖం రాత్రిపూట చేతిలోని అద్దం మీద కనబడటం ఎంత పెద్ద ఆదరణో, ఫోను సాతాను సాధనమని బోధించే ప్రసంగీకులు (నేను కూడా వారిలో ఉన్నాను) ఎన్నడూ ఆలోచించలేదు.

అయితే ఈ తరంలో ఒక బలహీనత ఉన్నది. దాని మూలం కొంతవరకు మన సంఘ చరిత్రలోనే ఉన్నదని నా అభిప్రాయం. 1805లో లండన్ మిషనరీ సొసైటీవారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. ఆనందరాయర్ సహాయంతో సువార్తలను తెలుగులోనికి అనువదించారు. ఆ అనువాదంలోని సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యేనాటికి ఇద్దరూ నిద్రించారు. 1818లో ప్రిచెట్ అనువదించిన క్రొత్త నిబంధన మద్రాసులో అచ్చయింది. తరువాత కెనడియన్ బాప్టిస్టు మిషనరీలు శ్రీకాకుళం, బొబ్బిలి, టెక్కలి, విజయనగరం ప్రాంతాల్లో బడులు పెట్టారు. బైబిలు స్త్రీలు ఇంటింటికీ తిరిగి అక్షరాలు దిద్దించారు. అక్షరం మన పెద్దలకు వాక్యంతో కలిసి వచ్చింది. ఎన్నో ఇళ్ళలో మొట్టమొదటి అచ్చు పుస్తకం బైబిలే. అచ్చులో ఉన్నది సత్యం అనే నమ్మకం అందువల్ల ఏర్పడింది. ఇప్పుడు తెర మీద అక్షరాల్లో వచ్చినది కూడా వారికి అచ్చులాగే కనబడుతున్నది.

ఆ నమ్మకం ఎక్కడికి దారితీస్తుందో 2018 మే నెలలో చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో సందేశాలు తెలుగు రాష్ట్రాలు రెండింటిలోను తిరిగాయి. దారిన పోయే అపరిచితులను, బిచ్చగాళ్ళను జనం కొట్టారు. హైదరాబాదు చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ స్త్రీని మూక కొట్టి చంపింది. అదే సంవత్సరం జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకు మించి పంపకుండా పరిమితి పెట్టింది. తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి పోలీసు సూపరింటెండెంటు రమా రాజేశ్వరి గ్రామాలకు కానిస్టేబుళ్ళను పంపి, డప్పు మీద పాటలు కట్టించి, ఆ వదంతులను ఎదుర్కొన్నారు. మన సంఘాలకు ఎంతో పరిచయమైన పద్ధతి అది. మనకు ఎందుకు తోచలేదో!

నా ఒప్పుకోలు ఏమంటే, ఆ పిల్లల దొంగల సందేశం మా సంఘపెద్దల గ్రూపులోనే తిరిగింది. యౌవనస్థుల గ్రూపులో ఒక కుర్రవాడు అది పాత వీడియో అని, మన రాష్ట్రంలోది కాదని చెప్పి ఆపాడు. పెద్దల గ్రూపులో ఆపినవారు లేరు. ఆ ఆదివారం నేను చేసిన ప్రసంగం యువత ఫోను వ్యసనం మీద.

గంటకింత అని కొనుక్కున్న స్వేచ్ఛ

ఇక మా తరం. విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న మన దేశ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించింది. మా జిల్లాకు అది సైబర్ కేఫ్‌ల రూపంలో చేరడానికి ఇంకొన్ని ఏళ్ళు పట్టింది. నేను బి.డి. చదివే రోజుల్లో ఒక వ్యాఖ్యాన గ్రంథం కోసం గ్రంథాలయంలో ముగ్గురు విద్యార్థులం వంతులు వేసుకునేవారం. సెలవుల్లో శ్రీకాకుళం వచ్చినప్పుడు ఒక కేఫ్‌లో గంటకింత అని కట్టి కూర్చుంటే అటువంటి గ్రంథాలు ఉచితంగా కనబడ్డాయి. పేజీ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ రెండు నిమిషాలు ప్రార్థించానని కొందరికి చెప్పేవాణ్ణి. నిజానికి గడియారం చూసుకునేవాణ్ణి.

తెలుగువారు ఆ లోకంలో ముందునుండే ఉన్నారు. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న ఆర్.టి.ఎస్. పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు వ్రాసుకునేవారు. 1998లో "ఈమాట" పత్రిక మొదలైంది. 2003లో తెలుగు వికీపీడియా మొదలైంది. జీతం లేకుండా, అనుమతి అడగకుండా, ఎవరికి తెలిసినది వారు వ్రాయవచ్చు. ఆనాటి ఉత్సాహానికి పరాకాష్ఠగా 1996 ఫిబ్రవరి 8న జాన్ పెరీ బార్లో అనే అమెరికన్ రచయిత ఒక ప్రకటన వెలువరించాడు. ప్రభుత్వాలకు ఈ కొత్త లోకం మీద అధికారం లేదని దాని సారాంశం. విచిత్రమేమంటే, సరిగా ఇరవై ఏళ్ళకు, 2016 ఫిబ్రవరి 8న, మన దేశంలో ఇంటర్నెట్ అందరికీ సమానంగా ఉండాలన్న వాదానికి గొప్ప విజయం వచ్చింది ఒక ప్రభుత్వ సంస్థ ఆజ్ఞ వల్లనే. కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా ఇచ్చి మిగతావాటికి వేరే ధర పెట్టడాన్ని ట్రాయ్ ఆనాడు నిషేధించింది. ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్ పథకం దానితో ఇక్కడ ఆగిపోయింది. అధికారం ఏదీ లేకపోతే స్వేచ్ఛ దానంతట అదే నిలబడుతుందని మా తరం నమ్మింది. అది సగమే నిజమని అర్థం కావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.

మిగతా సగం కూడా మరువరాదు. 2008లో చేసిన సవరణతో సమాచార సాంకేతిక చట్టంలో 66ఏ సెక్షను చేరింది. ఎదుటివారికి చిరాకు కలిగించే సందేశం పంపినా జైలుకు పంపగలిగేంత విశాలమైన మాటలు దానిలో ఉన్నాయి. 2012 నవంబరులో మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ఇద్దరు యువతులను ఒక ఫేస్‌బుక్ వ్యాఖ్య విషయమై అరెస్టు చేశారు. ఒకరు వ్రాశారు, రెండవవారు దానిని మెచ్చుకున్నారు. శ్రేయా సింఘాల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షనును కొట్టివేసింది. అల్పసంఖ్యాకులమైన మనకు ఆ తీర్పు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. మన విశ్వాసాన్ని పలకడమే కొందరికి చిరాకు కదా.

అయితే ఇదే మా తరం తలిదండ్రులయ్యేసరికి స్వరం మార్చింది. ఇది కొత్త సంగతి కాదు. సినిమాను పాపమని వెలివేసిన సంఘాలే 1978లో వచ్చిన "కరుణామయుడు"ను పల్లెపల్లెనా తెర కట్టి చూపించాయి. మాకు ఉపయోగపడినది వరం, పిల్లలకు నచ్చినది శోధన! కేఫ్‌లో గంటకింత కట్టి నేను కొనుక్కున్న స్వేచ్ఛను మా అబ్బాయి ఉచితంగా అనుభవిస్తుంటే నాకెందుకు భయం వేసింది అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. నాకు దొరికిన జవాబు అంత గౌరవప్రదంగా లేదు.

తొంగి చూడవద్దని అడిగే తరం

మూడవ తరాన్ని మనం విచ్చలవిడి స్వేచ్ఛ కోరే తరంగా వర్ణిస్తుంటాం. దగ్గరగా చూస్తే వారు కోరేది అంతకంటె చిన్నది. మా యౌవన సహవాసంలో చాలామందికి రెండేసి ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు ఉన్నాయి. ఒకటి బంధువులు, సంఘస్థులు చూసేది. రెండవది పదిమంది స్నేహితులకు మాత్రమే. ఇది వేషధారణ అని నేను మొదట గద్దించాను. ఒక అమ్మాయి అడిగింది: "అయ్యగారూ, మీ ఇంట్లో ముందు గది, లోపలి గది రెండూ లేవా?"

ఈ కోరికకు న్యాయస్థానాల్లో కూడా గుర్తింపు వచ్చింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ముందుకు వచ్చిన ఫహీమా షిరిన్ వ్యాజ్యం మన క్రైస్తవ హాస్టళ్ళవారు తప్పక తెలుసుకోవలసినది. సాయంత్రం ఆరు నుండి పది వరకు విద్యార్థినులు ఫోన్లు అప్పగించాలని ఒక కళాశాల హాస్టలు నియమం పెట్టింది. ఆమె ఒప్పుకోలేదు, హాస్టలు నుండి తీసివేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులోను గోప్యతాహక్కులోను భాగమని చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోవాలని న్యాయమూర్తి పి.వి. ఆశ ఆజ్ఞాపించారు. ఈ తీర్పును ఒక కాపరుల కూటంలో చెప్పినప్పుడు లోకం చెడిపోయిందని ముగ్గురు నిట్టూర్చారు. వారి హాస్టళ్ళలో అదే నియమం ఉన్నది.

తరాల తేడా స్పష్టంగా కనబడిన మరొక సందర్భం కోనసీమ. జిల్లాకు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే 24న అమలాపురంలో హింస జరిగింది. మంత్రి ఇంటికి, శాసనసభ్యుని ఇంటికి నిప్పు పెట్టారు. వెంటనే జిల్లాలో ఇంటర్నెట్ నిలిపివేశారు. నిప్పు పెట్టిన గుంపులు వాట్సాప్‌లోనే కూడుకున్నాయి గనుక ఆపడం మంచిదే అని మా పెద్దలు అన్నారు. అక్కడ బంధువులున్న యువకులు వేరుగా మాట్లాడారు. ఇంటినుండి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ వెదుక్కుంటూ జిల్లా దాటవలసి వచ్చింది. ఆ పేరును గౌరవించే మన బిడ్డలకు కూడా తమ క్షేమం చెప్పుకొనే దారి మూసుకుపోయింది. ఇంటర్నెట్ నిలుపుదల ఉత్తర్వులను బహిరంగపరచాలని, గడువు లేకుండా నిలిపివేయరాదని అనురాధా భాసిన్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2020 జనవరి 10ననే చెప్పి ఉన్నది. ఈ విషయంలో నేను యువకుల పక్షమే. ఇద్దరు దోషుల నోరు మూయడానికి ఊరందరి నోరు మూయడం న్యాయం కాదు.

ఈ తరం అంతా ఒకే తీరున ఉన్నదనీ చెప్పలేం. మా జిల్లాలోనే హిరమండలం దగ్గర 2018లో ఏర్పడిన కూర్మగ్రామంలో కొన్ని కుటుంబాలు కరెంటు, ఫోను లేకుండా జీవిస్తున్నాయి. (పేరు విని అది మా శ్రీకూర్మమే అనుకొని నాకు ఫోను చేసేవారున్నారు!) చదువుకొని ఉద్యోగాలు చేసినవారు కూడా అక్కడికి చేరారు. వారి మార్గం మన మార్గం కాదు, కాని ఇంటర్నెట్‌ను కాదనుకోవడం ముసలివారి చాదస్తమనే మాట దీనితో నిలవదు.

కానుకల బుట్టలో ఫోన్లు

ఇప్పుడు నా సందేహానికి మూలమైన సంగతి చెప్పాలి. సంబంధించిన సహోదరి అనుమతితో, ఆమెను గుర్తించే వివరాలు లేకుండా వ్రాస్తున్నాను.

2018 వేసవిలోనే మూడు రోజుల యౌవన కూడిక ఏర్పాటు చేశాం. మొదటి రోజు ఉదయం కానుకల బుట్ట త్రిప్పి అందరి ఫోన్లు అందులో వేయించాను. రహస్యమున్న చోటనే పాపముంటుందని ప్రసంగించాను కూడా. బుట్ట వేదిక ప్రక్కన ఉన్నది. మధ్యాహ్నం ఒక ఫోను వెలిగింది. అక్కడున్న ఒక పెద్ద మనిషి తెర మీది సందేశం చదివారు. ఒక సహవిద్యార్థి పంపిన మామూలు మాటలవి, ఇప్పుడు తలుచుకుంటే వాటిలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆయన దానిని తన ఫోనుతో ఫొటో తీశారు. బాధతోనే తీశారని నమ్ముతాను. మరొక పెద్దకు చూపించారు. సాయంత్రానికి అది మూడు వీధులు తిరిగింది. రాత్రికి ఆ అమ్మాయి తండ్రికి చేరింది.

ఆమె రెండవ రోజు రాలేదు. తరువాత చదువు కోసం ఊరు విడిచింది. నేను ఇంటికి వెళ్ళి ప్రార్థించి, అందరూ ఒకరినొకరు క్షమించుకోవాలని చెప్పి వచ్చాను. చాలా ఏళ్ళ తరువాత ఆమె వేరొక పట్టణంలో ఉద్యోగంలో ఉండగా కలిసి క్షమాపణ అడిగాను. ఆమె అన్న మాట ఇది: "ఫోను తీసుకున్నందుకు నాకు బాధ లేదు అయ్యగారూ. చూసినోళ్ళని మీరు ఒక్క మాట అనలేదు. అదే."

నోవహు గుడారం

ఆ మాట నన్ను ఆదికాండము 9:20–27 దగ్గరకు నడిపించింది. ఈ భాగం మీద సాధారణంగా రెండు ప్రసంగాలు వింటాం. ఒకటి నోవహు మత్తు మీద, రెండవది హాము శాపం మీద. రెండవదాన్ని బానిసత్వాన్ని, జాతి తారతమ్యాన్ని సమర్థించడానికి శతాబ్దాల పాటు వాడుకున్నారు. శాపం పలుకబడినది కనాను మీద కాగా దానిని నల్లజాతి ప్రజలందరికీ అంటగట్టడం వాక్యాన్ని వక్రీకరించడమే. విద్యార్థులు ఈ చరిత్రను తెలుసుకొనకుండా ఈ భాగాన్ని ముట్టుకోరాదు.

ఇక 22వ వచనం. హాము చేసినవి రెండు క్రియలు. చూశాడు, తెలియజెప్పాడు. హెబ్రీలో "వయ్యర్", "వయ్యగ్గేద్". చూడటం అనుకోకుండా జరిగి ఉండవచ్చు. రెండవది అనుకోకుండా జరగదు. ఎక్కడ చెప్పాడో కూడా వచనం చెబుతున్నది: "బహూత్స్", అంటే బయట. గుడారం లోపలి సంగతి గుడారం బయటకు వచ్చింది. హాము పాపం ఏమిటనే విషయంలో వ్యాఖ్యాతల మధ్య వాదాలు చాలా ఉన్నాయి, వాటిని ఇక్కడ తీర్చబూనడం లేదు. కాని 23వ వచనంలో షేము, యాపెతు చేసినదాన్ని రచయిత ఎంత నెమ్మదిగా వర్ణించాడో చూడండి. వస్త్రం తీసుకున్నారు, ఇద్దరి భుజాల మీద వేసుకున్నారు, వెనుకకు నడిచారు, కప్పారు, ముఖాలు త్రిప్పుకున్నారు, చూడలేదు. ఒక్క వచనంలో ఇన్ని క్రియలు! హాము ప్రతి క్రియకు ఇక్కడ విరుగుడు ఉన్నది. ఏదెనులో సిగ్గుపడిన ఆదాము హవ్వలకు దేవుడే చొక్కాయిలు చేయించి తొడిగిన సంగతి (ఆది. 3:21) దీనితో కలిపి చదవాలి.

కానుకల బుట్ట దగ్గర ఆ పెద్ద మనిషి చూశారు, బయట తెలియజెప్పారు. వస్త్రం పట్టుకొని వెనుకకు నడవవలసినవాణ్ణి నేను. నడవలేదు. దోషం కనబడితే ముందు అతనితో ఒంటరిగా మాట్లాడమని ప్రభువు నియమించిన క్రమం (మత్తయి 18:15–17) ప్రతి సంఘ నిబంధనావళిలోను ఉంటుంది. ఫార్వర్డ్ బటను ఆ క్రమాన్ని తలక్రిందులు చేస్తున్నది. ముందు సంఘం వింటుంది, తరువాత ఇద్దరు ముగ్గురు సాక్షులు వస్తారు, చిట్టచివర అతనితో మాట్లాడతారు. ఒక్కొక్కప్పుడు మాట్లాడనే మాట్లాడరు.

1 కొరింథీయులకు 8వ అధ్యాయాన్ని కూడా మనం తప్పుగా అన్వయిస్తున్నామని నా అనుమానం. బలహీనుల కోసం బలవంతులు తమ స్వేచ్ఛను తగ్గించుకోవాలని పౌలు బోధ. యౌవనస్థులు బలవంతులనీ, పెద్దలు అభ్యంతరపడే బలహీనులనీ మనం లెక్క వేసుకున్నాం. అందుకే స్వేచ్ఛ తగ్గించుకోమని ప్రతిసారీ పిల్లలకే చెబుతాం. సంఘంలో అధికారం ఎవరి చేతిలో ఉన్నది? మాట పోతే నష్టపోయేది ఎవరు? ఆ లెక్కన చూస్తే మా ఊళ్ళలో బలవంతులు మేమే. మానుకోవలసిన మాంసం మా పళ్ళెంలోనే ఉన్నది. అడగకుండా చూడటం, అడగకుండా పంపడం – ఇవే ఆ మాంసం.

కప్పుట, కప్పిపుచ్చుట

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కప్పడం వేరు, కప్పిపుచ్చడం వేరు. ఒక బిడ్డ ఫొటోతో ఎవరైనా బెదిరిస్తే, సంఘం పరువు కోసం దానిని లోలోపల సర్దుబాటు చేయడం షేము యాపెతుల పని కాదు. అనుమతి లేకుండా ఒకరి అంతరంగ చిత్రాలు తీసినా, పంపినా సమాచార సాంకేతిక చట్టం 66ఇ సెక్షను కింద మూడేళ్ళ వరకు శిక్ష ఉన్నది. బాధితులు పద్దెనిమిదేళ్ళలోపువారైతే 2012 నాటి పోక్సో చట్టం వర్తిస్తుంది. నేరం సంగతి తెలిసి పోలీసులకు తెలుపకపోవడం కూడా దాని ప్రకారం నేరమే. కాపరికి మినహాయింపు లేదు. సైబరు నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098 నంబర్లు మందిరం గోడ మీద వ్రాసి ఉంచితే ఏ వాక్యానికీ అవమానం కాదు.

బాప్తిస్మపు చిత్రాల సంగతి ఎవరూ ఎత్తరు గనుక నేనే ఎత్తుతున్నాను. నదిలోనో సముద్రపు ఒడ్డునో బాప్తిస్మమిచ్చి, తడిబట్టలతో ఉన్న సహోదరీలను వీడియో తీసి యూట్యూబ్‌లో పెడుతున్నాం. పరిచర్య ఎంత విస్తరిస్తున్నదో ఆదరించేవారికి చూపాలనే ఆశ దాని వెనుక ఉన్నది. ఆ వీడియోల క్రింద అన్యులు వ్రాసే వ్యాఖ్యలు చదివిన యువతి ఒకామె తన బాప్తిస్మం వీడియో తీసివేయమని నన్ను అడిగింది. తీసివేశాను. కాని అప్పటికే అది ఎన్ని ఫోన్లలోనికి వెళ్ళిందో! ఇప్పుడు బాప్తిస్మమప్పుడు ఒడ్డున కెమెరా ఉండదు, ఇద్దరు స్త్రీలు దుప్పట్లు పట్టుకొని నిలబడి ఉంటారు.

మిగతా మార్పులు చిన్నవి. బుట్ట తీసివేయలేదు, ఎవరి ఫోను వారే ఆపివేసి, ఎవరి గుడ్డసంచిలో వారే వేసి ఉంచుతారు, మూడవ మనిషి ముట్టుకోడు. సండే స్కూలు పిల్లల ఫొటో పెట్టాలంటే తల్లిదండ్రులను, బిడ్డను కూడా అడుగుతాం. వదంతిని గుర్తించడం ఎలాగో వృద్ధులకు యౌవనస్థులు నేర్పే తరగతి నెలకొకసారి జరుగుతున్నది. మొదటి తరగతికి ఇద్దరు పెద్దలు కోపంతో రాలేదు. వారిలో ఒకరు మూడవ తరగతికి కళ్ళజోడు తెచ్చుకొని మరీ ముందు వరుసలో కూర్చున్నారు.

ఎటూ తేలని విషయాలూ ఉన్నాయి. 2023 నాటి మన డేటా పరిరక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపువారి సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటున్నది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుండి పదహారేళ్ళలోపువారికి సోషల్ మీడియా ఖాతాలను నిషేధించింది. మా సహవాసంలో ఈ విషయం చర్చకు పెట్టాను. ఇరవై దాటినవారు తమ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అటువంటి నిషేధం కావాలన్నారు. పదిహేనేళ్ళవారు వద్దన్నారు. తలిదండ్రులు కావాలన్నారు గాని, ఇంట్లో ఫోను ఎవరి పేరిట ఉన్నదని అడిగితే సగంమంది పిల్లల ఖాతాలు తమ పేరిట తామే తెరిచి ఇచ్చినట్లు తేలింది. బార్లో ప్రకటనను మెచ్చుకున్న నాకు నిషేధం మింగుడు పడదు, తండ్రిగా ఆలోచిస్తే కాదనలేను. ఆ రాత్రి చర్చను ముగించకుండానే ప్రార్థన చేసి లేచాం.

ఇది జరిగిన వారంలో మా సంఘంలోని ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన మామ్మగారు ఒకరు ఆరాధన అయ్యాక ఆగి, తన ఫోను నా చేతికిచ్చారు. ఆమె రోజూ తెల్లవారుజామున తన ప్రార్థనలు అందులో రికార్డు చేసుకుంటారు. పిల్లల పేర్లు, వారి అప్పులు, కోడలి కన్నీళ్ళు అన్నీ అందులో ఉన్నాయట. "మా గుంటలు ఆడుకోడానికి అట్టుకుపోతన్నారు అయ్యగారూ. దీనికో తాళం ఎయ్యండి" అన్నారు. తాళం వేయడం నాకు చేతకాక, యౌవన సహవాసపు కార్యదర్శిని పిలిచాను. ఆ అమ్మాయి నాలుగు అంకెలు నొక్కుకొమ్మని ఫోను మామ్మగారి చేతికిచ్చి, తాను అవతలికి తిరిగి నిలబడింది.